బెత్తెడు, జానెడు: విశాఖ ఒడ్డున వాతావరణ మార్పును ఫొటోల్లో చూపించడం ఎలా

ఉత్తర హిందూ మహాసముద్రంలో నీటి మట్టం 1993 నుంచి 2017 దాకా ఏటా సగటున 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో ఇచ్చిన నివేదికలో ఉంది. రెండు రూపాయి నాణేలు ఒకదాని మీద ఒకటి పెడితే దాదాపు అంత మందం. ఆర్కే బీచ్‌లో మామూలు అల కూడా మోకాలి దాకా లేచి పడుతుంది. అందుకని కెమెరా మెడలో వేసుకుని సముద్రం పెరగడాన్ని ఫొటో తీద్దామని వెళితే దొరికేది అలే, పెరుగుదల కాదు.

అలాగని ఇది ఫొటోకి లొంగని విషయమేం కాదు. ఏటా 3.3 మిల్లీమీటర్లంటే పాతికేళ్లకు బెత్తెడు. ప్రపంచమంతటి సగటు చూస్తే 1901 నుంచి 2018 మధ్య పెరిగింది 20 సెంటీమీటర్లు, అంటే జానెడుకు కాస్త తక్కువ. మిల్లీమీటరు కంటికి ఆనదు గానీ బెత్తెడూ జానెడూ మన చేతికి తెలిసినవే. ఇంటి గోడ మీద చెయ్యి పెట్టి చూపించవచ్చు. ఫొటోలో కొలత కనబడాలి, అదే చోటుకి ఏడాది పొడవునా తిరిగి వెళ్లాలి. ఇక్కడ చెప్పేది ఆ పద్ధతి. మంచి ఫోన్ ఉన్నా సరిపోతుంది, కెమెరా ఉంటే ఇంకా సుఖం.

ముందు ఏది తీయకూడదో తేల్చుకోండి

విశాఖలో తప్పు ఫొటో తీయడం చాలా తేలిక. వర్షాకాలం వచ్చిందంటే ఆర్కే బీచ్‌లోని కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చుట్టుపక్కల ఇసుక కోసుకుపోయిన ఫొటోలు తిరగడం మొదలవుతుంది. కింద ‘సముద్రం ముందుకొచ్చేసింది’ అని రాసి ఉంటుంది. అసలు సంగతి ఇంకాస్త చిక్కు. మన తీరం వెంట ఇసుక, ఏడాది మొత్తం లెక్క తీస్తే, దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. 1970లలో కట్టిన ఔటర్ హార్బర్ గోడలు ఆ దారికి అడ్డం పడ్డాయి. ఇసుక హార్బర్‌కు దక్షిణాన ఆగిపోతుంది, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కు కరువొస్తుంది. అందుకే డ్రెడ్జర్లతో ఇసుక తెచ్చి పోస్తుంటారు. పెరిగే నీటి మట్టం, తుఫాన్లు ఆ కోతను మరింత పెంచుతాయి, నిజమే. కానీ ఫొటో కింద రెండు కారణాలూ రాయాలి. ఒకటే రాస్తే, హార్బర్ సంగతి తెలిసిన ఒక్క మనిషి వచ్చి ఒక్క ప్రశ్న అడిగితే చాలు, మీ ప్రదర్శన మొత్తం తేలిపోతుంది.

ఇలాంటివే మరికొన్ని ఉన్నాయి. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం కూలింగ్ టవర్ల మీద లేచే తెల్లటి మబ్బు నీటి ఆవిరి. దాన్ని తీసి ‘కార్బన్ పొగ’ అని రాయకండి. కార్బన్ డయాక్సైడ్‌కు రంగు లేదు, ఏ కెమెరాకీ చిక్కదు. పోర్టు వైపు ఇళ్ల డాబాల మీద పేరుకునే నల్లటి ధూళి కాలుష్యం. అది తీయదగ్గదే, కానీ అది వేరే సిరీస్. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన తాబేలు ఫొటోకు కన్నీళ్లు ఖాయం. అవి ఎక్కువగా వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోతాయి. దాన్ని వాతావరణ మార్పు ఖాతాలో వేస్తే అబద్ధమవుతుంది.

తాబేళ్లతో నిజంగా ముడిపడిన కథ ఒకటుంది, అది గుడ్లలో ఉంది. ఆలివ్ రిడ్లే పిల్ల ఆడదవుతుందా మగదవుతుందా అన్నది గూటిలోని ఇసుక వేడి తేలుస్తుంది. వేడి ఎక్కువైతే ఆడవే ఎక్కువ పుడతాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా బీచ్ వెంట అటవీ శాఖ గుడ్ల సంరక్షణ కేంద్రాలు నడుస్తాయి. అక్కడ గూటి పక్కన ఇసుకలో దిగేసిన థర్మామీటరు, దాని మీద నీడ పట్టిన గోనె, చూసుకునే మనిషి చేతులు తీయండి. సిబ్బంది అనుమతి లేకుండా లోపలికి వెళ్లకండి. ఫ్లాష్ అసలే వద్దు. ఫోన్ టార్చ్ కూడా ఫ్లాషే. పిల్లలు వెలుతురును చూసే సముద్రం వైపు నడుస్తాయి, మీ లైటు వాటిని రోడ్డు వైపు తిప్పేస్తుంది.

ఇవన్నీ వడపోశాక ఒక్క ప్రశ్న మిగుల్చుకోండి. ‘వాతావరణ మార్పు’ అన్నది ప్రశ్న కాదు, దాని మీద వెయ్యి ఫొటోలు తీసినా ఒక దారిలోకి రావు. ‘పెద్ద జాలారిపేటలో ఈ సందులోకి పోటు నీరు ఎక్కడిదాకా వస్తుంది?’ అన్నది ప్రశ్న. ‘మద్దిలపాలెంలో మధ్యాహ్నం రెండింటికి బస్సు కోసం మనిషి నిలబడగలడా?’ అన్నదీ ప్రశ్నే.

కొలకర్ర

ఈ పనికి అసలు పనిముట్టు కెమెరా కాదు, కర్ర. రెండు మీటర్ల వెదురు తీసుకోండి, మూడు సెంటీమీటర్ల లావున్నది, వంకర లేనిది. గణుపులు చెక్కి, ఉప్పుకాగితంతో రుద్ది, తెల్ల ప్రైమర్ ఒక పూత వేయండి. ఆరాక కింది నుంచి ప్రతి 10 సెంటీమీటర్లకు ఒక పట్టీ, ఒకటి ఎరుపు ఒకటి తెలుపు. మాస్కింగ్ టేపు అంటించి వేస్తే అంచు తిన్నగా వస్తుంది. టేపును రంగు పూర్తిగా ఆరకముందే పీకాలి, ఆరాక పీకితే రంగు పొరతో సహా ఊడుతుంది. మెరిసే ఎనామెల్ వద్దు, మ్యాట్ రంగే వాడండి. మెరుపు రంగు ఎండలో తెల్లగా పేలిపోయి పట్టీలు కనిపించవు.

ఆ పట్టీల మీద మరో రెండు గీతలు నల్లరంగుతో గీయండి. కింది నుంచి 8 సెంటీమీటర్ల దగ్గర బెత్తెడు, 20 దగ్గర జానెడు. కర్ర అడుగున పది సెంటీమీటర్ల చదరపు ప్లైవుడ్ ముక్క మేకుతో బిగించండి. ఇది లేకపోతే తడి ఇసుకలో కర్ర నాలుగైదు సెంటీమీటర్లు దిగబడుతుంది, మీ కొలత అక్కడే తప్పుతుంది. నిటారుగా ఉందో లేదో చూడటానికి పైన చిన్న మేకుకు దారం కట్టి, దారం చివర ఓ నట్టు వేలాడదీస్తే తాపీ మేస్త్రీ గుండు పనిచేసినట్టే పనిచేస్తుంది.

తీసే ప్రతి ఫొటోలో ఈ కర్ర ఉండాలి. కొన్నింట్లో మనిషి చేతిలో, కొన్నింట్లో గోడకు ఆనించి, కొన్నింట్లో ఎక్కడో దూరంగా చిన్నగా. చూసేవాళ్లు రెండో ఫొటో దగ్గరికి వచ్చేసరికి దాన్ని వెతకడం మొదలుపెడతారు. సిరీస్‌ను ఒక దారంలా కుట్టేది అదే, విడిగా శైలి అంటూ తంటాలు పడక్కర్లేదు.

ఒకే చోటు, ఒకే పోటు

ఏడాదిలో పన్నెండుసార్లు ఒకే చోటి నుంచి తీయాలి. ఫోన్‌లోని జీపీఎస్ మూడు నుంచి ఐదు మీటర్ల దాకా తేడా చూపిస్తుంది, దాన్ని నమ్ముకోకండి. దగ్గరి వస్తువును దూరపు వస్తువుతో గీత కలిపి గుర్తు పెట్టుకోవడం పాత పద్ధతి, ఇప్పటికీ మంచి పద్ధతి. ఉదాహరణకు దగ్గర్లోని వీధి దీపస్తంభం ఎడమ అంచు, దూరంగా కైలాసగిరి కొండ మీది ఒక గుర్తుతో కలిసేలా నిలబడండి. ఇంకోవైపు మెట్ల చివర, వెనక ఉన్న మేడ మూలతో కలవాలి. రెండు గీతలు కలిసే చోటు ఒక్కటే ఉంటుంది. జానెడు పక్కకు జరిగినా దగ్గరి స్తంభం కొండ మీద నుంచి జారినట్టు కనిపిస్తుంది, వెంటనే తెలిసిపోతుంది. ఇసుక మీది వస్తువులను గుర్తుగా పెట్టుకోకండి. బడ్డీలు, బల్లలు, పడవలు నెల తిరిగేసరికి అక్కడుండవు.

మొదటి నెల ఫొటోను ఏ4 కాగితం మీద ప్రింట్ తీసి, లామినేట్ చేయించి సంచిలో పెట్టుకోండి. ప్రతిసారీ దాన్ని పక్కన పట్టుకుని ఫ్రేమ్ సరిచూసుకోవాలి. కెమెరా ఎత్తు 150 సెంటీమీటర్లు అనుకుంటే ట్రైపాడ్ కాలి మీద టేపు చుట్టి గుర్తు పెట్టండి. ఫోన్‌లో 1 ఎక్స్ లెన్స్ తప్ప ఇంకోటి ముట్టుకోకండి. కొన్ని ఫోన్లు దగ్గరి వస్తువు మీద ఫోకస్ పెడితే చెప్పకుండానే వైడ్ లెన్స్‌కు మారిపోతాయి, ప్రో మోడ్‌లో ఆ గొడవ ఉండదు. కెమెరా అయితే 35 మి.మీ. లెన్స్, ఎఫ్ 8, ఐఎస్‌ఓ 100, షట్టర్ సెకనులో 250వ వంతు దగ్గర మొదలుపెట్టి వెలుతురును బట్టి సవరించుకోండి. ఫైలు రా ఫార్మాట్‌లో, అంటే కెమెరా సవరించకుండా దాచేదిగా ఉండాలి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వద్దు, డేలైట్‌లో పెట్టేయండి. లేకపోతే ఒక నెల సముద్రం నీలంగా, మరో నెల ఆకుపచ్చగా వచ్చి, అదీ వాతావరణ మార్పేనని ఎవరో ఒకరు అనుకుంటారు.

ఇక పోటు. విశాఖలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో పోటుకీ ఆటుకీ మధ్య నీరు దాదాపు మీటరున్నర తేడా వస్తుంది, అష్టమి ప్రాంతంలో అందులో సగం కూడా ఉండదు. జనవరిలో ఆటు వేళ, అక్టోబర్‌లో పోటు వేళ తీసి పక్కపక్కన పెడితే సముద్రం ఊరి మీద పడ్డట్టు కనిపిస్తుంది. అది మోసం, తెలియక చేసినా మోసమే. దీన్ని తప్పించడానికి పంచాంగం చాలు. ఒక ఊళ్లో పౌర్ణమి నాటి పోటు ఎప్పుడైనా దాదాపు ఒకే గడియారం వేళకు వస్తుంది, తర్వాత రోజుకు సుమారు 50 నిమిషాలు జరుగుతుంది. కాబట్టి ప్రతి పౌర్ణమి మర్నాడు ఉదయపు పోటుకు వెళ్లాలని నియమం పెట్టుకుంటే పన్నెండు ఫొటోలూ దగ్గరదగ్గరగా ఒకే వేళవి అవుతాయి. కచ్చితమైన సమయం, ఎత్తు కోసం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే ఆటుపోట్ల సమాచారం చూసుకోండి. ఆ ఎత్తును నోటు పుస్తకంలో రాసుకోండి. జాలారిపేటలో పెద్దవాళ్లను అడిగినా చెబుతారు, వాళ్ల లెక్క చాలాసార్లు ఆప్ కంటే ముందే చేతికొస్తుంది.

ఇంకో మెలిక. ఏటా అక్టోబర్, నవంబర్ నెలల్లో ఇక్కడి సగటు నీటి మట్టం వేసవి మొదట్లో కంటే సహజంగానే పైన ఉంటుంది. వర్షాకాలపు అలలు ఇసుకను లాగేస్తాయి, ప్రశాంతంగా ఉన్న నెలల్లో కొంత తిరిగి తెచ్చిపెడతాయి. అందుకని ఏడాది లోపల తీసిన పన్నెండు ఫొటోలు చూపించేది తీరం ఊపిరి పీల్చి వదలడాన్ని మాత్రమే. మార్పు చూపించాలంటే ఈ అక్టోబర్‌ను వచ్చే అక్టోబర్‌తోనే పోల్చాలి, ఇంకా నయం, మీ పక్కింటాయన పెళ్లి ఆల్బమ్‌లోని ఇరవై ఏళ్ల కిందటి బీచ్ ఫొటోతో. పాత ఆల్బమ్‌లు ఈ పనికి గనులు. వెనక కనిపించే మెట్లు, గోడ, రాళ్లను బట్టి ఆ చోటు పట్టుకుని మళ్లీ తీయండి. ఆ ఫొటో ఏ నెలలోదో, ఏ వేళదో తెలియకపోతే మాత్రం నీటి గీతను పోల్చకండి. కట్టడాలను పోల్చవచ్చు.

ఒక్క అల ఫొటోకు పెద్ద విలువ లేదు. మరుక్షణం అది పది అడుగులు వెనక్కి పోతుంది. తీరాన్ని పరిశోధించేవాళ్లు పది నిమిషాల సేపు వరుసగా తీసిన ఫొటోల సగటును ఒకే చిత్రంగా చేస్తారు. మీరూ చేయవచ్చు. ట్రైపాడ్ కదలకుండా పెట్టి, ఇంటర్వెల్ టైమర్‌లో 10 సెకన్లకు ఒకటి చొప్పున 60 ఫ్రేములు తీయండి. ఫోటోషాప్‌లో అన్నింటినీ లేయర్లుగా తెరిచి, స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చి, స్టాక్ మోడ్‌లో ‘మీన్’ ఎంచుకోండి. అలలన్నీ కలిసి, నురగ పగిలే చోట తెల్లటి పట్టీగా, తడి ఆగే చోట మెత్తటి అంచుగా వస్తాయి. చూడటానికి కలలోని సముద్రంలా ఉంటుంది, కొలవడానికీ పనికొస్తుంది. కళకూ లెక్కకూ ఇంత బాగా కుదిరే చోటు మరొకటి దొరకదు.

ఇసుకలో ట్రైపాడ్ కాళ్లు పది నిమిషాల్లో దిగిపోతాయి, అరవై ఫ్రేములూ మసకబారతాయి. ఒక్కో కాలి కింద ఒక కొబ్బరి చిప్ప వెల్లకిలా పెట్టి, అందులో కాలు నిలబెట్టి గట్టిగా నొక్కండి. బీచ్ రోడ్డులో బొండాలు, కాయల వాళ్ల దగ్గర చిప్పలకు కొదవేం లేదు.

వెలుతురు

మన తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. డిసెంబర్‌లో సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు. జూన్ వచ్చేసరికి భీమిలి వైపుకు బాగా జరిగిపోతాడు. కైలాసగిరి వైపు తిరిగి తీసే ఫ్రేమ్ అయితే జూన్ ఉదయాల్లో లెన్స్‌లోకి సూటిగా ఎండ కొడుతుంది. అప్పుడు కుడి చేత్తో లామినేట్ కార్డును లెన్స్ పైన నీడగా పట్టండి. సాయంత్రం సూర్యుడు కొండల వెనక్కి పోతాడు కాబట్టి సముద్రం మీద మెత్తటి వెలుతురు పడుతుంది. మనుషుల ఫొటోలకు అదే మంచి వేళ. మబ్బు పట్టిన రోజును తిట్టుకోకండి. నెలనెలా పోల్చే పనికి మబ్బే మేలు, నీడలు దారి తప్పించవు.

ఉప్పు సంగతి ఒక్క మాటలో పోయేది కాదు. ఏసీ గదిలోంచి కెమెరా తెచ్చి బీచ్‌లో బయటకు తీస్తే లెన్స్ మీద ఆవిరి కమ్మేస్తుంది. ఇంట్లోనే జిప్ కవర్లో పెట్టి, బీచ్‌కు వచ్చాక అరగంట అలాగే ఉంచి, ఆ తర్వాత తీయండి. ఉప్పు తుంపర పడిన లెన్స్‌ను పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, ఉప్పు గింజ ఇసుక కాగితమే. ముందు బ్లోయర్‌తో ఊది, మంచినీళ్లలో తడిపి పిండిన మెత్తటి గుడ్డతో అద్ది, చివర్లో పొడిగుడ్డ. ట్రైపాడ్ కాళ్లను అదే రోజు మంచినీళ్లతో కడగాలి. రేపు చూద్దాంలే అనుకుంటే స్క్రూలు పట్టేస్తాయి. లెన్స్‌లు సిలికా జెల్‌తో గట్టి డబ్బాలో ఉండాలి. డబ్బాలో చిన్న తేమ మీటర్ పెట్టి 40, 50 శాతం మధ్య చూసుకోండి. విశాఖ గాలిలో బీరువాలో పెట్టిన లెన్స్‌కు బూజు పట్టడానికి ఒక్క వర్షాకాలం చాలు.

మనుషులు

గిడియన్ మెండెల్ అనే ఫొటోగ్రాఫర్ 2007 నుంచి వేర్వేరు దేశాల్లో వరద నీటిలో తమ ఇళ్ల ముందు నిలబడ్డ మనుషులను తీస్తున్నారు. వాళ్లు ఏడవరు, చేతులు చాచరు. నీళ్లలో నిలబడి సూటిగా కెమెరా వైపు చూస్తారు. చూసేవాడే తల దించుకోవాల్సి వస్తుంది. ఆ పద్ధతిని మీ సందుకు తెచ్చుకోండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నీరు ఎక్కడిదాకా వచ్చిందో ఇంట్లోవాళ్లకు గుర్తుంటుంది. కొలకర్ర వాళ్ల చేతికిచ్చి ఆ ఎత్తును వాళ్లనే చూపించమనండి. మీరు చూపించకండి, వేలు వాళ్లది కావాలి. పక్కనే గోడ మీద బెత్తెడు, జానెడు గీతలు కనబడాలి. హుద్‌హుద్ నీరు ఒక్క తుఫాను ఉప్పెన, జానెడు నూరేళ్ల పైబడి పెరిగిన మట్టం. రెండూ ఒకటి కాదు. వచ్చే ఉప్పెన ఆ పెరిగిన మట్టం మీద నుంచి లేస్తుందన్నదే వాటి మధ్య బంధం. ఈ వాక్యాన్ని ఫొటో కింద తప్పకుండా పెట్టండి.

ఎప్పుడు వెళ్లాలన్నది ముఖ్యం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర బోట్ల వేట నిషేధం. అప్పుడు మగవాళ్లు ఇళ్ల దగ్గర వలలు బాగుచేసుకుంటూ ఉంటారు, మాట్లాడే తీరిక ఉంటుంది. వేట రోజుల్లో తెల్లారి చేపల వేలం జరుగుతుండగా కెమెరా పెట్టి ‘ఒక్క నిమిషం అమ్మా’ అంటే ఆ ఒక్క నిమిషం వాళ్ల సొమ్ము. మొదటిరోజు కెమెరా బయటకు తీయకుండా కూర్చుని రండి. ‘బాబాయ్, ఈ ఫొటో బీచ్ రోడ్డులో అందరూ చూసేలా పెడతాం, మీ పేరు వేయమంటారా వద్దా?’ అని ముందే అడగండి. నోటిమాట చాలదు. తెలుగులో నాలుగు వరుసల కాగితం చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకోండి. పిల్లల ఫొటోకు తల్లిదండ్రుల మాట కావాలి. ప్రింట్ ఇస్తానన్నారా, మొదట ఇచ్చేది వాళ్లకే.

ఎండను తీయడం ఇంకా కష్టం, ఎందుకంటే ఎండ ఫొటోలో అందంగా ఉంటుంది. చెమట కారే ముఖం అందరూ తీసిందే. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొనుక్కుని మధ్యాహ్నం రెండింటికి బస్టాప్ ఇనుప బల్ల, తారు రోడ్డు, తోపుడు బండి మీది రేకు, చెట్టు నీడలోని మట్టి కొలవండి. ఆ అంకెను సుద్దతో అదే వస్తువు పక్కన రాసి ఫొటో తీయండి. 12కి 1 అని రాసి ఉన్న మీటరు 60 సెంటీమీటర్ల దూరం నుంచి 5 సెంటీమీటర్ల వృత్తాన్ని కొలుస్తుంది, ఇంకా దూరం పోతే పక్క వస్తువు వేడి కలిసిపోతుంది. మెరిసే స్టీలు మీద రీడింగ్ తక్కువ వస్తుంది. దాని మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, రెండు నిమిషాలాగి ఆ టేపును కొలవాలి. ఇది వస్తువు వేడి, గాలి వేడి కాదు. వాతావరణ శాఖ చెప్పే ఉష్ణోగ్రతతో కలపకండి.

కెమెరా ఎత్తకూడని చోట్లు

ఈ ఊరు తూర్పు నౌకాదళ కేంద్రం. డాక్‌యార్డు, యుద్ధనౌకలు, విమానాశ్రయం పక్కన నేవీ స్థావరం, వాటి గోడలు, గేట్లు తీయకండి. పోర్టు లోపలికి అనుమతి కావాలి. డ్రోన్ ఆలోచన ఉంటే ముందు డ్రోన్ ఎక్కడ ఎగరేయవచ్చో చూపించే డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ రంగులో ఉందో చూడండి. నగరంలో చాలాభాగం మీద ఎగరేయడం కుదరదు. ఎత్తు కావాలంటే తెలిసినవాళ్ల అపార్ట్‌మెంట్ డాబా వెతుక్కోండి, దానికి ఏ మ్యాప్ అడ్డు రాదు.

కెమెరా లేకుండా: నీలి ముద్రలు

ఇది సిరీస్‌కు పక్కవాద్యం లాంటిది. పిల్లలతో చేయించడానికి చాలా బాగుంటుంది. పేరు సయనోటైప్, 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టింది. మరుసటి ఏడాదే అన్నా అట్కిన్స్ సముద్రపు నాచును ఈ పద్ధతిలో ముద్రించడం మొదలుపెట్టింది. ఇంజనీర్ల పాత బ్లూప్రింట్లదీ ఇదే కిటుకు.

ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ 25 గ్రాములు 100 మి.లీ. నీటిలో, పొటాషియం ఫెర్రిసయనైడ్ 10 గ్రాములు మరో 100 మి.లీ. నీటిలో కలిపి విడివిడి గోధుమరంగు సీసాల్లో పెట్టుకోండి. నీరు డిస్టిల్డ్ వాటర్ అయి ఉండాలి. వాడేముందు రెండూ సమానంగా కలపండి. ఏ4 కాగితానికి 3 మి.లీ. చాలు. ఈ కలపడం, పూయడం పెద్దవాళ్లే చేతి తొడుగులు వేసుకుని చేయాలి. వంట గిన్నెలు, చెంచాలు వాడకండి. ఫెర్రిసయనైడ్ దగ్గరికి గాఢమైన యాసిడ్లు, బ్లీచింగ్, మంట రానివ్వకండి. పిల్లలకు ఆరిన కాగితాలే ఇవ్వాలి.

డ్రాయింగ్ కాగితం మీద వెడల్పాటి మెత్తటి బ్రష్‌తో, ఇనుము తగలనిదానితో, పలచగా పూసి చీకటి గదిలో ఆరబెట్టండి. విశాఖ తేమకు ఇది గంటకు పైగా పట్టవచ్చు. సగం ఆరిన కాగితం మీద నాచు పెడితే మరకలు పడతాయి. ఆరిన కాగితం మీద బీచ్‌లో ఏరుకొచ్చిన తెగిన వల ముక్క, నాచు, ప్లాస్టిక్ సీసా మూత, గవ్వ పేర్చి, పైన గాజుపలక పెట్టి ఎండలో పెట్టండి. వేసవి మధ్యాహ్నం ఎనిమిది పది నిమిషాలు, మబ్బుంటే అరగంట. ఆకుపచ్చ కాగితం బూడిదరంగుకు తిరిగినప్పుడు తీసి, పసుపు నీరు పోయేదాకా నీళ్లలో కడగాలి. మొదటి కడుగు నీళ్లలో కాస్త నిమ్మరసం పిండండి. బోరు నీళ్లలో క్షారం ఎక్కువుంటే నీలం వెలిసిపోతుంది.

శీర్షిక, ప్రింటు, వేలాడదీయడం

ఫొటో కింద రాసేది ఫొటో అంత కష్టపడి రాయాలి. ఉదాహరణకు ఇలా: ‘పెద్ద జాలారిపేట ఒడ్డు, అక్టోబర్ పౌర్ణమి మర్నాడు, ఉదయం 9:10, పోటు. తడి గీత కర్ర మీద మూడో ఎర్ర పట్టీ దాకా. ఇక్కడి కోతకు హార్బర్ గోడల వల్ల ఇసుక రాక తగ్గడం ఒక కారణం. పెరుగుతున్న సముద్ర మట్టం దాన్ని ఇంకా పెంచుతుంది.’ ‘కబళించింది’, ‘మింగేసింది’, ‘కన్నెర్ర చేసింది’ లాంటివి పత్రికలకు వదిలేయండి. రంగులు సవరించేటప్పుడు పన్నెండు ఫొటోలకూ ఒకటే సెట్టింగు కాపీ చేయండి. ఒక్కదానికే మసక తీసే డీహేజ్ స్లైడర్ లాగి మబ్బును నల్లగా చేస్తే మిగతా పదకొండూ అబద్ధంలా కనిపిస్తాయి.

12 x 18 అంగుళాల ప్రింటుకు 300 డీపీఐలో 3600 x 5400 పిక్సెళ్లు కావాలి. నాలుగడుగుల దూరం నుంచి చూసేదానికి 200 కూడా సరిపోతుంది, అంటే 2400 x 3600. ఫ్లెక్స్ మీద వేయకండి. ఫ్లెక్స్ అంటే పీవీసీ ప్లాస్టిక్, ఈ విషయం మీద దాన్ని కడితే మొదట నవ్వేది మీ ప్రేక్షకులే. నూలు బట్ట మీద డిజిటల్ ప్రింటు వేసే షాపులుంటాయి, ముందు ఏ4 సైజు ముక్క వేయించుకుని చూడండి. బట్ట మీద నీడలు నల్లగా మూసుకుపోతాయి, ఫైలును కాస్త వెలుతురుగా ఇవ్వాలి.

తెలుగు అక్షరాల దగ్గరే ఎక్కువ పనులు చెడతాయి. చాలా డీటీపీ షాపుల్లో అను ఫాంట్లు వాడతారు, మీరు వాట్సాప్‌లో పంపిన యూనికోడ్ తెలుగు అక్కడ గజిబిజి అవుతుంది. పాత ఫోటోషాప్ వెర్షన్లలో దక్షిణాసియా భాషల టెక్స్ట్ ఇంజన్ ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. మీరే సరిగ్గా పేర్చి, అక్షరాలను ఔట్‌లైన్లుగా మార్చి పీడీఎఫ్ ఇచ్చేయండి. పదడుగుల దూరం నుంచి చదవాల్సిన అక్షరం అంగుళం ఎత్తుండాలి. వత్తులు కింది వరుసకు తగలకుండా వరుసల మధ్య ఎడం ఇంగ్లిష్ కంటే ఎక్కువ వదలాలి.

బీచ్ రోడ్డులో పెట్టాలంటే నగరపాలక సంస్థ జీవీఎంసీ అనుమతి, పోలీసులకు సమాచారం రెండూ చూసుకోండి. తెల్లారి నడకకు వచ్చేవాళ్లు ఆగి చూసే వేళ ఉదయమే. సాయంత్రం సముద్రపు గాలి బట్టను కొట్టేస్తుంది. పైనా కిందా వెదురు కర్ర దోపి, కింది కర్రకు ఇసుక నింపిన నీళ్ల సీసాలు రెండు కట్టండి. ఫొటోలను నడుము ఎత్తు నుంచి మొదలుపెట్టి కంటి ఎత్తు దాకా వేలాడదీయండి. కొలకర్రను వరుస చివర నిలబెట్టి, పక్కన బోర్డు మీద బెత్తెడు, జానెడు గీతలు గీసి వదిలేయండి. పిల్లలు వచ్చి చేతులు పెట్టి కొలుచుకుంటారు, వాళ్ల వెనక పెద్దవాళ్లూ.

అంతా అయ్యాక రా ఫైళ్లు, నోటు పుస్తకం స్కాన్, గీతలు కలిసే చోటును చూపించే ఫొటో, పోటు ఎత్తుల పట్టిక ఒకే ఫోల్డర్‌లో పెట్టి మూడు కాపీలు చేయండి. అందులో ఒకటి మీ ఇంట్లో ఉండకూడదు, కాలేజీ లైబ్రరీకో ఈ పని చేసే మరో మనిషికో ఇవ్వండి. ఫైలు పేర్లు సంవత్సరం, నెల, తేదీ వరుసలో ఉండాలి. దీపస్తంభానికి కొత్త రంగు వేసినా, మెట్లు పగలగొట్టినా గుర్తు పోతుంది. అందుకే ఏటా ఒకసారి వెళ్లి ఆ రెండు గీతలు ఇంకా కలుస్తున్నాయో లేదో చూసుకుని, కలవకపోతే మరో జత గుర్తులు రాసి ఆ ఫోల్డర్‌లో చేర్చండి.